వానలెక్కయు యంత్రభాషయు

  

ముప్పదియేండ్లకు పైగా నల్లబల్లకడ నిలిచి, పల్లెబాలురకు వ్యాకరణమును లెక్కలను జెప్పి, ఉద్యోగవిరమణము చేసినవాడను నేను. తప్పులు దిద్దుటయే నా వృత్తి. ఎఱ్ఱసిరా నా యాయుధము. అట్టి నేను అరువదియేండ్లు దాటిన పిమ్మట మరల విద్యార్థినైతిని. నాకు గురువు నా మనుమరాలు. ఆమె ఇంటర్మీడియేటు చదువుచున్నది. నేర్చిన విద్య కంప్యూటరునకు పని చెప్పు భాష. ఆ విద్యలో ఓనమాలు ఎట్టివో, వాటివలన మనవంటి పల్లెవాసులకు గలుగు ప్రయోజనమేమో, నేను చేసిన పొరపాటులతో సహా, మీకు విన్నవింపదలచితిని.

“వానలేని సీమలో ఈ విద్య యెందుల కయ్యవారూ?” యని మాలో ననేకు లడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. మన యనంతపుర ప్రాంతమున సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. నైరృతి మేఘములు పడమటి కనుమలయందే తమ బరువు దించుకొని, చిక్కినవై మనకడకు వచ్చును. ఈశాన్య మేఘములు తూర్పుతీరమున కురిసి, యలసినవై వచ్చును. ఇట్టిచోట చెనక్కాయ విత్తి బ్రతుకువానికి కంప్యూటరు భాషతో నేమిపని? ఉన్నదనియే నా మనవి. అది చివరకు మీరే నిర్ణయింపుడు.

మొదట, ప్రోగ్రామనగా నేమి? చేయవలసిన పనిని మెట్టు మెట్టుగా, సందేహమునకు తావులేకుండ, ముందుగా వ్రాసియుంచిన వరుసయే ప్రోగ్రాము. ఇది మనకు క్రొత్త కాదు. “ఆరుద్ర కార్తెలో పదును వాన కురిసినచో చెనక్కాయ విత్తుము, పదును లేనిచో గొఱ్ఱు కదల్పక వేచియుండుము, వాన మిక్కిలి ఆలస్యమైనచో ఉలవలు చల్లుము” అని మన పెద్దలు చెప్పలేదా? ఇందు ఒక పరీక్ష కలదు, పరీక్షను బట్టి రెండు మూడు దారులు కలవు, వేచియుండి మరల పరీక్షించుట కలదు. యంత్రమునకు పని చెప్పువాడు చేయునదియు నింతే. భేద మొక్కటే. మన పాలేరునకు “పదును” అన్న మాట చాలును. వాడు మట్టి పిసికి చూచి తెలిసికొనును. యంత్రమునకు మట్టి తెలియదు. పదునన నెన్ని మిల్లీమీటర్లో మనమే చెప్పవలయును. చెప్పనిచో నది ఊహింపదు. తప్పుగా చెప్పినచో తప్పునే శ్రద్ధగా చేయును.

నేను నేర్చిన భాష పేరు పైథాను. పేరు విని మా యింటివారు కొండచిలువ యనుకొనిరి. కాదు. హాలండు దేశీయుడైన గీడో వాన్ రోసమను నాతడు దీనిని రచించి 1991లో లోకమునకిచ్చెను. ఇంగ్లండులో ప్రసిద్ధమైన యొక హాస్యనాటక బృందము పేరును దీనికి పెట్టెను. ఇది వెలలేక లభించును. ఇందు ఇంగ్లీషు శబ్దములు, అనగా మార్చుటకు వీలులేని యాజ్ఞాపదములు, 35 మాత్రమే. మన యక్షరమాలలోని యక్షరములకంటె తక్కువ. మనము పదార్థములకు పెట్టుకొను పేర్లు తెలుగులోనే యుండవచ్చును. ఇంగ్లీషు తక్కువ వచ్చినవాడు భయపడ నక్కఱలేదు.

మొదటినాడు మనుమరాలు నన్ను ఒక పాత ల్యాప్‌టాపు ముందు కూర్చుండబెట్టి, “తాతా, నమస్కారమని తెరపై చూపుమని దీనికి చెప్పుము” అనెను. అందులకు ప్రింటు అను నాజ్ఞ కలదు. నేను ఆజ్ఞ వ్రాసి, కుండలీకరణములో నమస్కారమని వ్రాసి మీట నొక్కితిని. ఎఱ్ఱని యక్షరములతో దోషవాక్యము వచ్చెను. మాటకు రెండువైపుల కొటేషను గుర్తు లుంచుట మఱచితిని. గుర్తులున్న నది పలుకవలసిన మాట. లేనిచో నది యొక వస్తువు పేరని యంత్రము తలచి, “ఈ పేరుగల వస్తువు నే నెఱుగను” అని చెప్పును. ఎన్నివేల కాగితములపై నేను ఎఱ్ఱసిరా చల్లితినో, అంతయు నాకు తిరిగి వచ్చినట్లయ్యెను. మనుమరాలు నవ్వి, “కోపపడకుము తాతా, ఏ పంక్తిలో తప్పో అదే చెప్పుచున్నది, చదువుము” అనెను. ఇదియే నేను నేర్చిన మొదటి పాఠము. దోషవాక్యము తిట్టు కాదు, త్రోవ చూపునది.

రెండవ పాఠము నన్ను మూడు దినములు నిలువరించినది. యంత్రములో విలువల నుంచుటకు పేరుగల గది నేర్పఱచుకొందుము. “వాన = 12” అని వ్రాసిన, వాన యను గదిలో 12 చేరును. ఇంతవరకు సుగమము. పిమ్మట ఆమె “వాన = వాన + 1” అని వ్రాసెను. లెక్కలు చెప్పినవాడను గాన నేను మండిపడితిని. “ఏ సంఖ్యయైన తనకంటె ఒకటి పెద్దదైన తనతో సమాన మెట్లగును? ఇది పచ్చి యబద్ధము” అంటిని. ఆమె ఎన్నివిధముల చెప్పినను నాకు మనసెక్కలేదు. తుదకు నా వ్యాకరణమే నన్ను గట్టెక్కించినది. ఆ గుర్తు సమానత్వమును జెప్పునది కాదు, అది ఆదేశము. వ్యాకరణమందు ఆదేశము శత్రువు వంటిదనియు, ఆగమము మిత్రుని వంటిదనియు చదివియుంటిమి గదా. ఆదేశము పాతవర్ణమును వెడలగొట్టి దాని స్థానమున కూర్చుండును; ఆగమము ఉన్నవానిని కదల్పక ప్రక్కన చేరును. “వాన = వాన + 1” అనగా, గదిలోని పాతవిలువను దీసికొని, ఒకటి చేర్చి, వచ్చిన దానిని ఆ గదిలోనే యుంచుము, పాతది పోవుగాక, యని యర్థము. ఇక జాబితా యను నొక సాధనము కలదు. అందులో క్రొత్తవిలువ చేర్చిన, పాతవి యట్లేయుండి క్రొత్తది చివర నిలుచును. అది ఆగమము. ఈ రెండును తెలిసిన నాడు నాకు సగము భాష వచ్చినట్లు తోచినది.

మూడవది పరీక్ష. “ఇట్లైనచో నిది చేయుము, కానిచో నది చేయుము” అని చెప్పుటకు ఇఫ్, ఎల్స్ అను మాటలు కలవు. ఇచ్చట నా పాండిత్యము నన్ను మోసగించినది. మన దేశపు వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లకు తక్కువ కాని వాన పడిన దినము వర్షదినము. 64.5 మిల్లీమీటర్లు మొదలుకొని భారీవర్షము. నేను సామాన్యవిధిని ముందు చెప్పి, విశేషవిధిని పిమ్మట చెప్పుట శాస్త్రమర్యాద యనుకొంటిని. పాణిని యష్టాధ్యాయిలో రెండు విధులు తారసిల్లినపుడు సామాన్యముగా తరువాతి విధికే బలము. కావున “2.5కు తక్కువ కానిచో వర్షదినము. అది కాక, 64.5కు తక్కువ కానిచో భారీవర్షము” అని వ్రాసితిని. తరువాత 80 మిల్లీమీటర్ల సంఖ్య నిచ్చి చూడగా యంత్రము “వర్షదినము” అనియే చెప్పెను. ఏలనన, ఈ భాషలో పరీక్షలు పైనుండి క్రిందికి నడచును. మొదట సరిపడిన దానితో పని ముగియును. 80 అను సంఖ్య మొదటి పరీక్షలోనే నిలిచినది. రెండవ పరీక్ష దాని కంటబడనే లేదు. ఇందు విశేషమునే ముందు చెప్పవలయును. ఏ శాస్త్రపు మర్యాద యా శాస్త్రమునకే చెల్లును. పాతవిద్య క్రొత్తవిద్యకు చేయూత నిచ్చును గాని, పగ్గములు దానిచేతి కీయరాదు.

నాల్గవది ఆవృత్తి. ఒకే పనిని వస్తువు వస్తువునకు మరల మరల చేయించుట. దీనికి ఫర్ అను మాట కలదు. ఏ పంక్తులు మరల మరల జరుగవలయునో, వానిని ఎడమప్రక్క కొంత జాగా విడిచి, లోపలికి జరిపి వ్రాయవలయును. ఇది నాకు మిక్కిలి నచ్చినది. వ్యాకరణమున అధికారసూత్రమొకటి చెప్పిన, దాని యేలుబడి కొన్ని సూత్రములవఱకు నడచును; ఎచ్చట ముగియునో గురుముఖమున తెలియవలయును. పైథానులో ఏలుబడి యెంతదూరమో కంటికే కనబడును. పంక్తి ఎడమకు తిరిగి వచ్చిన ఏలుబడి ముగిసినది.

ఇక నా వానలెక్కకు వచ్చెదను. ఉద్యోగము విడిచిన నాటనుండి మా పెరటిలో నొక చిన్న వానకొలత పాత్ర నుంచి, ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నర గంటలకు అందు నిలిచిన నీటిని కొలిచి, నోటుపుస్తకములో వ్రాయుచున్నాను. రెండేండ్ల క్రిందటి ఖరీఫులో మాయూరి చేలు ఎండిపోయెను. సరిగా ఊడలు భూమిలోనికి దిగు వేళ వాన మొగము చాటువేసెను. ఊడ దిగని చెనక్కాయకు కాయ యేది? రైతులు అర్జీ పెట్టుకొనదలచి, “అయ్యవారూ, వరుసగా ఎన్నిదినములు వాన లేదో మీ పుస్తకము చూచి వ్రాసి యిండు” అని నాకడకు వచ్చిరి.

నేను సంతోషముతో ప్రోగ్రాము వ్రాసితిని. దాని వరుస వినుడు, మీకును బోధపడును. రెండు గదులుంచుకొంటిని. ఒకటి “వరుస”, రెండవది “గరిష్ఠము”. రెంటను మొదట సున్న. పుస్తకములోని ప్రతిదినమును వరుసగా దీసికొనుము. నాటి వాన 2.5 మిల్లీమీటర్లకు తక్కువైనచో “వరుస”లో ఒకటి చేర్చుము. తక్కువ కానిచో “వరుస”ను మరల సున్న చేయుము. “వరుస” “గరిష్ఠము”ను మించినచో, ఆ విలువనే “గరిష్ఠము”లో నుంచుము. దినములన్నియు ముగిసిన పిమ్మట “గరిష్ఠము”ను చూపుము. ఇంతే. జపమాల త్రిప్పువాడు పూసలు లెక్కించినట్లే.

ప్రోగ్రామును నడుపగా ముందొక దోషవాక్యము వచ్చినది. పుస్తకములో మూడుదినములు ఖాళీ. ఆ దినములలో నేను వైద్యమునకై కర్నూలు పోయియుంటిని, కొలిచినవారు లేరు. యంత్రము ఆ ఖాళీని సంఖ్యగా దీసికొననని మొరాయించెను. చీకటిపడినది, రైతులు అరుగుపై కూర్చుండియున్నారు, నాకు విసుగు గలిగినది. ఖాళీ యున్న మూడుచోట్ల సున్నలు నింపితిని. యంత్రము శాంతించి, నిమిషమైన గడువకుండ 34 అని చూపెను. ముప్పదినాలుగు దినములు! రైతులు ఒకరి మొగ మొకరు చూచుకొనిరి. అర్జీలో ఆ సంఖ్య వ్రాయబడెను. సంతకములకు సిద్ధమయ్యెను.

అప్పుడొక ముదుసలి రైతు, అక్షరము రానివాడు, నెమ్మదిగా లేచి, “అయ్యవారూ, వినాయకుని నీళ్లలో వదలిన నాడు వాన వచ్చెను గదా. పిల్లలు తడిసి యిండ్లకు పరుగెత్తిరి. ఆ వాన యేమాయెను?” అని యడిగెను. పుస్తకము తెఱచి చూచితిని. ఆ దినము నేను ఖాళీ విడిచిన మూడు దినములలో నొకటి. నేను సున్నపెట్టిన దినము.

నా తల వంగినది. నేను చదివిన తర్కశాస్త్రమున మొదటి సంవత్సరపు విద్యార్థియు ఎఱుగు విషయమిది. అభావము వేరు, అనుపలబ్ధి వేరు. ఒకటి లేకపోవుట, రెండవది కానరాకపోవుట. వాన పడలేదనుట యొక సంగతి. పడినదో లేదో నేను చూడలేదనుట మఱియొక సంగతి. యంత్రమునకు ఆ భేదము తెలియుననియే చెప్పవలయును. ఖాళీని సున్నగా నమ్మనని అది ముందే మొరపెట్టుకొనెను. నేనే దాని నోరు మూసితిని. తప్పు యంత్రము మీదికి నెట్టుటకు వీలులేదు.

ప్రోగ్రాము దిద్దితిని. పైథానులో “ఏమియు లేదు” అని చెప్పుటకు నన్ అను ప్రత్యేకమైన మాట కలదు. అది సున్న కాదు. ఖాళీదినములకు దానిని వ్రాసి, అట్టి దినము వచ్చినపుడు “తెలియదు” అని వేఱుగా చూపుమని చెప్పితిని. అంతట యంత్రము చెప్పిన దిది: వరుసగా 19 దినములు వానలేమి, పిమ్మట 3 దినములు తెలియదు, పిమ్మట 12 దినములు వానలేమి. మూడును కూడిన 34. కాని 34 దినములు వాన లేదని చెప్పు హక్కు నాకు లేదు.

ఇది విని కొందఱు నొచ్చుకొనిరి. “ముప్పదినాలుగని వ్రాసిన నేమయ్యా? ఎండిన చేలు అబద్ధమా? ఎవ్వరు చూడవచ్చిరి?” అని యొకరు గట్టిగానే యడిగిరి. వారి బాధ నిజమే. చేలు ఎండిన మాటయు నిజమే. నేనొక్కటే చెప్పితిని. “నాయనా, నా పుస్తకములో నొక్క సంఖ్య అబద్ధమని తేలిన, మిగిలిన సంవత్సరముల సంఖ్య లెవ్వరును నమ్మరు. నేడు పందొమ్మిది యని వ్రాసిన, రేపు మఱియొక కఱవున ఈ పుస్తకము మీకు సాక్ష్యము చెప్పును.” ముదుసలి రైతు ముందుగా వ్రేలిముద్ర వేసెను. తక్కినవారు తరువాత వేసిరి. అర్జీలో మూడు వరుసలును ఉన్నవున్నట్లు వ్రాయబడెను. నాటినుండి నేనూరు విడిచిన, పాత్రలోని నీటిని మా యింటి ప్రక్క బాలిక కొలిచి వ్రాయుచున్నది.

పెద్దలారా! ఈ కథను నా తప్పు చెప్పుకొనుటకే చెప్పలేదు. నేడు మన బ్రతుకులను కొలుచు లెక్కలనేకములు ఇట్టి ప్రోగ్రాములచేతనే జరుగుచున్నవి. పంటనష్టమును చేనికి పోయి చూడక, వాన కొలతలనుబట్టియే సొమ్ము లెక్కకట్టు బీమా మన దేశమున 2003లో మహబూబునగరు జిల్లాలో చెనక్కాయకును ఆముదమునకును ప్రయోగముగా మొదలైనది. అట్టి బీమాలో వాన యెంతకు తగ్గిన, ఎన్నిదినములు తగ్గిన, ఎంత సొమ్ము అన్నది ముందే వ్రాసిన విధి. విధిని వ్రాసినవాడు మనుష్యుడు, నడుపునది యంత్రము. మన చేనిపై వాన పడలేదు, కొలతపాత్ర యున్న చోట పడినది. అప్పుడు యంత్రము “వాన పడినది” అనును. అది యబద్ధమాడలేదు. దాని కిచ్చిన విధి యట్టిది.

కావున ఎవరైనను “కంప్యూటరు ఇట్లు చెప్పినది, ఇక మాటలేదు” అనినచో, మీరు తలవంచక మూడు ప్రశ్నలడుగుడు. ఒకటి, ఏ చోటి కొలతను దీనికిచ్చిరి? రెండు, ఎంతకు తక్కువైన వానలేమి యని దీనికి చెప్పిరి? మూడు, కొలత లేని దినమును ఏమని లెక్కించిరి? ఈ మూడును అడుగుటకు ఇంజనీరు కానక్కఱలేదు. మెట్టు మెట్టుగా వ్రాసిన విధిని చదువు నలవాటు చాలును. ఆ యలవాటే నేను చెప్పు ఓనమాలు.

మఱియొక చిన్న వినోదము చెప్పెదను. రాముడు అను మాటలో నెన్ని యక్షరములని యంత్రము నడిగితిని. మూడని చెప్పునని నా నమ్మకము. ఆఱని చెప్పెను. పొరపాటని తలచితిని. కాదు. యంత్రములోపల రేఫము ఒకటి, దాని దీర్ఘము వేఱొకటి; మకారము ఒకటి, కొమ్ము వేఱొకటి; డకారము ఒకటి, కొమ్ము వేఱొకటి. ఇట్లు ఆఱు. లోకభాషలన్నిటి లిపులకు సంఖ్య లేర్పఱచిన యూనికోడు అను పద్ధతిలో మన తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. అందు అకారమునకు సంఖ్య 3077. యంత్రమునకు “అ” తెలియదు, 3077 తెలియును.

తరువాత గురులఘువులను తేల్చు ప్రోగ్రామును వ్రాసితిని. దీర్ఘమైన గురువు, సున్నగాని విసర్గగాని గలిగిన గురువు, పొల్లుహల్లుతో కూడిన గురువు, ముందు సంయుక్తాక్షరమున్న గురువు, తక్కినది లఘువు. విధి నొకసారి వ్రాసి, దానికొక పేరు పెట్టిన, పిమ్మట పేరు చెప్పిన చాలు, విధియంతయు జరుగును. దీనిని ఫంక్షను అందురు. శాస్త్రములో సంజ్ఞ చేసికొనుట యిదియే. గుణమనగా నివి యని యొకసారి చెప్పి, తరువాత గుణమనిన చాలును గదా. గురులఘువులలో మూడేసి కూర్చిన ఎనిమిది గణములు. ఏలనన ప్రతిచోట రెండేసి దారులు. రెండు రెండ్ల నాలుగు, నాలుగు రెండ్ల ఎనిమిది. పింగళాచార్యుడు ఛందశ్శాస్త్రమున ప్రస్తారమని చెప్పినది యిదియే. కంప్యూటరు లోపల సున్న, ఒకటి అను రెండు గుర్తులతో సర్వమును వ్రాయుటయు ఇట్టిదే.

ఇంత చెప్పినంతమాత్రమున కంప్యూటరును మన పూర్వులే కనిపెట్టిరని నేను చెప్పబోవుటలేదు. సంస్కృతమే కంప్యూటరునకు శ్రేష్ఠమైన భాషయని అమెరికావారి నాసా సంస్థ తీర్మానించినదని ఊరూర చెప్పుకొనుట విన్నాను. అట్టి తీర్మానము లేదు. అక్కడ పనిచేసిన రిక్ బ్రిగ్స్ అను పరిశోధకుడు 1985లో, సంస్కృత వైయాకరణులు వాక్యార్థమును విడదీసి చూపు పద్ధతి యంత్రమునకు జ్ఞానమును తెలుపు పద్ధతిని పోలియున్నదని యొక వ్యాసము వ్రాసెను. అంతవరకే సత్యము. 1967లో ఇంగర్మన్ అను పండితుడు కంప్యూటరు భాషల వ్యాకరణమును వ్రాయు పద్ధతికి పాణిని పేరును చేర్చవలెనని ప్రతిపాదించుటయు సత్యము. ఉన్న గౌరవము చాలును. లేనిదానిని కల్పించిన, ఉన్నదియు పోవును. నా మూడు సున్నల కథ మఱువకుడు.

నిజమైన చరిత్రయే మనకు చాలినంత యున్నది. పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన, మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించి, లెక్కచేయు విధులను తెలుగువారికి మెట్టు మెట్టుగా బోధించెను. లెక్కవిధిని ఇంగ్లీషున అల్గారిథము అందురు. ఆ మాట మన హిందూ సంఖ్యలపై గ్రంథము వ్రాసిన అల్ ఖ్వారిజ్మీ పేరునుండి వచ్చినది. 1843లో ఆడా లవ్‌లేసు అను ఆంగ్లవనిత, అప్పటికి నిర్మింపబడని యంత్రమునకు లెక్కవిధిని వ్రాసి ప్రకటించెను. 1957లో జాను బాకసు బృందము ఫోర్ట్రాను భాష నిచ్చెను. మన రాయలసీమకు కూడ ఇందు పాలు కలదు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డిగారు, యంత్రము మనుష్యుని మాటను గ్రహించు విద్యలో కృషిచేసి, ఈ శాస్త్రమునకు పరమపురస్కారమైన ట్యూరింగు బహుమానమును 1994లో మఱియొకరితో కలిసి పొందిరి. ఆసియాఖండమున పుట్టినవారిలో దానిని మొదట పొందినవారు వారే. పల్లెలో పుట్టుట విద్య కడ్డుకాదనుటకు వేఱు సాక్ష్యమేల?

నేర్వదలచినవారికి నా యనుభవమును నాలుగు మాటలలో చెప్పెదను. దినమునకు అరగంట చాలును. కాని దినమును తప్పరాదు. చూచి యానందించిన రాదు, స్వయముగా వ్రేళ్లతో వ్రాయవలయును. ఇసుకలో దిద్దకుండ ఎవరికి అక్షరము వచ్చినది? యంత్రమునకు చెప్పకముందు ఆ పనిని తెలుగులో, మెట్టు మెట్టుగా, కాగితముపై వ్రాసికొనుడు. తెలుగులో వ్రాయలేనిది ఏ భాషలోను వ్రాయలేరు. జవాబు మీకు ముందే తెలిసిన చిన్నలెక్క నిచ్చి ప్రోగ్రామును పరీక్షింపుడు. జవాబు మీ కిష్టమైనదిగా వచ్చినపుడు మఱి రెండుసార్లు పరీక్షింపుడు. 34 అను సంఖ్య మాకందఱకు ఇష్టమైనది. అందుచేతనే ఎవ్వరును సందేహింపలేదు.

మీకు తీరికలేనిచో మీ మనుమలను, ముఖ్యముగా మనుమరాండ్రను, నేర్వనిండు. వారు నేర్చునపుడు ప్రక్కన కూర్చుండుడు. వారికి భాష తెలియును. ఏ దినము వాన వచ్చినదో మీకు తెలియును. ఆ సాయంకాలము మా యరుగుపై ప్రోగ్రామును దిద్దినది నేను కాదు, నా మనుమరాలును కాదు. ఒక యక్షరము రాని ముదుసలి జ్ఞాపకము దానిని దిద్దినది. యంత్రమెంత వేగముగా లెక్కించినను, ఆ జ్ఞాపకము మీయొద్దనే యున్నది. దానిని అడుగుటకు ఎవరైన నుండవలయును; చెప్పుటకు మీరు లేచి నిలువవలయును.

 ఈ యేడు సకాలమున పదును కురిసి మీ చేలు పండుగాక.